పదహారేళ్ళవాడిది పొగరు, అరవై దాటినాయనది చాదస్తం... అంతేనంటారా?

విభాగం: ఇల్లు, మనసు

గాజువాక_మధ్యలోవాడు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఇంటి సంగతి రాస్తున్నాను, తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

నాన్నగారు స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేశాక మా దగ్గరే ఉంటున్నారు. మావాడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. కాలేజీ నుంచి రాగానే గది తలుపేసుకుంటాడు. ఏదైనా అడిగితే "ఊఁ", రెండోసారి అడిగితే "చెప్పాగా". అర్ధరాత్రి దాటినా నిద్రపోడు. పొద్దున్నే లేపాలంటే రోజూ యుద్ధమే. నాన్నగారు దీనికి పూర్తిగా తిరగేసి. నాలుగింటికే లేచి హాల్లో లైటు వేసుకుని కూచుంటారు. 1992లో పీవీ గారొచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేసిన రోజు తానెక్కడ నిలబడ్డారో, పక్కన ఎవరున్నారో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. నిన్న రాత్రి ఏం తిన్నామో మాత్రం గుర్తుండదు.

ఈయన మనవడికి పొగరెక్కిందంటారు. వాడు తాతకి చాదస్తమంటాడు. మా ఆవిడేమో వాళ్ళిద్దరి సంగతి తర్వాత, ముందు మీకేమైందో చూసుకోండి అంటోంది. నాకు నలభై నాలుగు.

ఇందులో వయసు వల్ల వచ్చేదెంత, మనిషి గుణమెంత, డాక్టరుకి చూపించాల్సిందెంత? ఎలా తెలుస్తుంది?


బీచ్‌రోడ్డు_బాబాయ్
ఆదివారం, రాత్రి 10:05

ఇందులో కొత్తేముంది నాయనా. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అని మన పెద్దలు ఎప్పుడో పంచిపెట్టారు. నాన్నగారు వానప్రస్థంలో ఉండాల్సిన వయసులో మీ ఫ్లాట్‌లో టీవీ ముందున్నారు. మీవాడు గురువు దగ్గరుండాల్సిన వయసులో ఫోన్ దగ్గరున్నాడు. పొద్దున్నే ఇద్దర్నీ ఆర్కే బీచ్‌కి తీసుకురా, వైద్యం అదే.


ఏయూ_సైకాలజీ
ఆదివారం, రాత్రి 11:20

బాబాయ్ గారి ఆశ్రమాల దగ్గరికి తర్వాత వస్తాను. ముందు పిల్లాడి నిద్ర. అందులో సగం పొగరు కాదు, ఒళ్ళే. నిద్రకి సంకేతమిచ్చే మెలటోనిన్ ఆ వయసులో పెద్దవాళ్ళకంటే, చిన్నపిల్లలకంటే ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. గంట నుంచి రెండు గంటల దాకా తేడా వస్తుంది. వాళ్ళకి కావలసింది ఎనిమిది నుంచి పది గంటల నిద్ర. పొద్దున ఆరున్నరకి స్టడీ అవర్ పెట్టే కాలేజీలు ఈ లెక్క వినవు. ఫోన్ దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది, అది మీరు చూసుకోవాల్సిన భాగం.

రెండోది దూకుడు. ఆగి ముందువెనకలు చూసుకోమనే భాగం నుదుటి వెనక ఉంటుంది. అది ఇరవైల మధ్య దాకా పక్వమవుతూనే ఉంటుంది. కొత్తదనం, మెప్పు, థ్రిల్ కోరే భాగాలు పదమూడు పద్నాలుగుకే ఉరకలేస్తాయి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు అమెరికాలో కారు నడిపే వీడియో గేమ్‌తో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒంటరిగా ఆడారు, కొందరు స్నేహితులు పక్కనుండగా ఆడారు. పక్కన స్నేహితులుంటే రిస్కు అందరికంటే ఎక్కువ పెరిగింది పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లల్లో. ఇరవై నాలుగు దాటినవాళ్ళలో పెద్ద తేడా లేదు. ఇంట్లో బుద్ధిగా ఉండేవాడు భీమిలి రోడ్డులో ముగ్గుర్ని ఎక్కించుకుని బండి ఎందుకు ఎగరేస్తాడో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. వాడికి ప్రమాదం తెలియక కాదు. పక్కవాళ్ళు చూస్తున్నారు, అంతే.

ఇక తలుపు. ఎరిక్ ఎరిక్‌సన్ అనే సైకాలజిస్టు 1950లో మనిషి జీవితాన్ని పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎనిమిది దశలుగా చెప్పాడు. ఒక్కో దశలో ఒక్కో పేచీ తేల్చుకోవాలి. మీవాడి వయసుకి పేచీ "నేనెవరిని" అన్నది. ఆయనకి ఇది సొంత గొడవ కూడా. కన్నతండ్రెవరో తెలియకుండా పెరిగాడు. 1939లో అమెరికా పౌరసత్వం వచ్చినప్పుడు ఇంటిపేరు తనే మార్చుకున్నాడు. అమ్మానాన్నలు వేసిన ముద్ర చెరుపుకుని తన ముద్ర వేసుకోడానికి ఒక గది, ఒక తలుపు కావాలి. కొంతకాలం వేసే ఉంటుంది.


మర్రిపాలెం_మామూలోడు
ఆదివారం, రాత్రి 11:31

మా రోజుల్లో తలుపు ఉన్న గదే ఒకటి. అందులో ఏడుగురం. ఈ దశలన్నీ ఎక్కడ జరిగాయో ఏమో.


ఇంటర్_దాటినోడు
సోమవారం, రాత్రి 12:48

అంకుల్, మీవాడు ఎంపీసీ అని రాశారు. ఎవరు తీసుకున్నారు ఎంపీసీ? వాడా, మీరా?

నాదైతే పదో తరగతి రిజల్ట్ రోజు మధ్యాహ్నానికే అయిపోయింది. మామయ్య ఫోన్, పెదనాన్న ఫోన్, కాలేజీ పీఆర్వో ఫోన్. నన్ను అడిగింది ఒక్కటే, హాస్టలా, డే స్కాలరా అని. ఇప్పుడు మధురవాడ దగ్గర బీటెక్. ఏం ఇష్టం అని ఎవరైనా అడిగితే జవాబు లేదు. ఇష్టం అనేది ఎప్పుడూ వాడలేదు, అలవాటు లేదు.


ఏయూ_సైకాలజీ
సోమవారం, ఉదయం 7:15

తమ్ముడు చెప్పినదానికి సైకాలజీలో ఒక చోటుంది. జేమ్స్ మార్సియా 1966లో ఎరిక్‌సన్ మాటనే తీసుకుని ఈ వయసువాళ్ళని నాలుగు రకాలుగా చూశాడు. వెతకనూ లేదు, దేనికీ కట్టుబడనూ లేదు, ఇది ఒకటి. వెతుకుతున్నాడు కానీ ఇంకా తేల్చుకోలేదు, ఇది రెండు. వెతికి తేల్చుకున్నాడు, ఇది మూడు. నాలుగోది మన ఊళ్ళ కోసమే రాసినట్టుంటుంది. అసలు వెతకకుండానే, పెద్దవాళ్ళు చేతిలో పెట్టినదానికి కట్టుబడిపోవడం. ఈ నాలుగోవాడు బయటికి చాలా నెమ్మదస్తుడు. గొడవలుండవు, మార్కులుంటాయి. అందుకే ఇంట్లో సమస్య అనిపించదు. కొందరికి ఆ దారే నప్పుతుంది కూడా. నప్పనివాళ్ళకి ఆ వెతుకులాట ఇరవై ఎనిమిదికో ముప్ఫై అయిదుకో, పెళ్ళీ ఈఎంఐలూ అయ్యాక మొదలవుతుంది.

పాపం తలుపేసుకున్నవాడి గురించే అందరం దిగులుపడతాం. ఏమీ అడగకుండా అన్నిటికీ తలూపేవాణ్ణి ఎవరూ పట్టించుకోం.

పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు దాకా పిల్లా కాదు, పెద్దా కాదు, ఇది విడిగా ఒక దశ అని జెఫ్రీ ఆర్నెట్ 2000లో అన్నాడు. చదువులు సాగి, ఉద్యోగం పెళ్ళి వెనక్కి జరిగిన సమాజాల్లోనే ఇది కనిపిస్తుంది. మధురవాడ హాస్టళ్ళలో ఉన్నవాడికి ఉన్న ఈ దశ, పదిహేడుకే ఫిషింగ్ హార్బర్‌లో బోటెక్కినవాడికి లేదు. దశలు అందరికీ ఒక్కలా రావు.


కూర్మన్నపాలెం_విశ్రాంతుడు
సోమవారం, ఉదయం 8:50

మధ్యలోవాడు గారూ, నేనూ ప్లాంటు మనిషినే. పిల్లాడి సంగతి నాకు తెలీదు గానీ నాన్నగారి సంగతి తెలుసు.

మొదటి నెల హాయిగా ఉంటుంది. శాలువాలు, ఫొటోలు, గ్రాట్యుటీ లెక్కలు. తర్వాత ఒళ్ళు పొద్దుటి 'ఏ' షిఫ్టుకి లేస్తుంది, బస్సు రాదు. ఆయన నాలుగింటికి లేవడం అందులోదే. ఏళ్ళ తరబడి ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు తిరిగిన ఒళ్ళు అది. పైగా వయసు పెరిగేకొద్దీ నిద్ర కూడా ముందుకు జరుగుతుందట, పిల్లలకి వెనక్కి జరిగినట్టు. రాత్రి ఎనిమిదిన్నరకే కళ్ళు మూతపడతాయి, మూడున్నరకి తెరుచుకుంటాయి. మీ ఇంట్లో తాతా మనవడూ ఎదురుపడే వేళే దొరకదు కాబోలు.

అసలు దెబ్బ క్వార్టర్. బ్యాంకువాడు రిటైరైతే అతని ఇల్లు అలాగే ఉంటుంది. మాకు ఉద్యోగం, ఇల్లు, పక్కింటివాళ్ళు, చెట్లు, అరుగు మీద కబుర్లు, అన్నీ ఒకే నెలలో పోతాయి. లోపల "ఇన్‌ఛార్జి గారూ" అని పిలిచినవాడిని బయట బ్యాంకులో "అంకుల్, టోకెన్ తీసుకోండి" అంటారు. చిన్న మాటే. గుచ్చుకుంటుంది.

నేను మా వీధిలో ఐటీఐ చదివే పిల్లలకి సాయంత్రాలు డ్రాయింగ్ చదవడం, కొలతలు తీయడం చెబుతున్నా. డబ్బుకి కాదు. వాళ్ళు "మాస్టారూ" అంటే ఆ పూట బాగుంటుంది. సింహాచలం గిరి ప్రదక్షిణం ముప్ఫై రెండు కిలోమీటర్లూ నడిచేవాణ్ణి. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు హనుమంతవాక దగ్గర మజ్జిగ పోస్తా.


ఏయూ_సైకాలజీ
సోమవారం, ఉదయం 10:02

మాస్టారు, మీ మజ్జిగని పాల్ బాల్టెస్ అనే జర్మన్ సైకాలజిస్టు ఒక సిద్ధాంతంగా రాశాడు. వయసు మీద పడ్డాక బాగా బతికేవాళ్ళు మూడు పనులు చేస్తారంటాడు. కొన్నిటినే ఎంచుకుంటారు, వాటి మీద మనసు పెడతారు, పోయినదాని చోట ఇంకో మార్గం వెతుక్కుంటారు. ఆయన చెప్పే ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్. ఎనభై ఏళ్ళ వయసులో కచేరీలు ఎలా చేస్తున్నారని అడిగితే, తక్కువ కృతులు వాయిస్తాను, వాటినే ఎక్కువ సాధన చేస్తాను, వేగమైన చోటు వచ్చేముందు కావాలని నెమ్మదిస్తాను, అప్పుడు వేగం ఎక్కువగా వినిపిస్తుంది అన్నాడట.

ఐటీఐ పిల్లల సంగతి ఎరిక్‌సన్ ఏడో దశ. తర్వాతి తరానికి ఏదైనా చేతికివ్వాలన్న తపన. అది లేకపోతే మనిషి ఉన్నచోటే నిలిచిపోతాడంటాడు.

మధ్యలోవాడు గారి నాన్నగారి పాత కథ గురించి. రాబర్ట్ బట్లర్ అనే అమెరికా వైద్యుడు 1963లో దీని మీదే రాశాడు. అప్పటిదాకా ముసలివాళ్ళు పాత సంగతులు తవ్వుకోవడాన్ని మతి తప్పడమనే అనుకునేవారు. ఆయన అది కాదన్నాడు. తన జీవితాన్ని మళ్ళీ ఒకసారి చదువుకుని లెక్క సరిచూసుకునే పని అన్నాడు. వయసుని బట్టి మనిషిని చులకన చేయడానికి "ఏజిజం" అని పేరు పెట్టింది కూడా ఆయనే, 1969లో. మన దగ్గర దాని ముద్దుపేరు "చాదస్తం".

తెలివి తగ్గడం కూడా అనుకున్నంత సూటిగా ఉండదు. వార్నర్ షాయ్ అనే ఆయన 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి అవే మనుషుల్ని ఏడేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ పరీక్షించాడు. చురుకు, వేగం తొందరగా తగ్గుతాయి. మాటల సంపద, అనుభవంతో వచ్చే తీర్పు చాలామందికి అరవైలు దాటినా నిలుస్తాయి. కొత్త యూపీఐ యాప్ దగ్గర తడబడే ఆయనే, ఇల్లు కొనేటప్పుడు దస్తావేజులో మీకు కనపడని లొసుగు పట్టుకోవచ్చు.


కంచరపాలెం_అప్ప
సోమవారం, మధ్యాహ్నం 2:30

పొద్దున్నుంచి చదువుతున్నాను. బాగానే ఉంది గానీ, ఇదంతా మగాళ్ళ జీవితం. చదువు, ఉద్యోగం, రిటైర్మెంటు. ఆ ఎరిక్‌సన్ దశల్లో మనిషి ముందు తనెవరో తేల్చుకుని, తర్వాత తోడు వెతుక్కుంటాడట. నాకు పంతొమ్మిదికి పెళ్ళి చేశారు. తోడు ముందొచ్చింది, నేనెవరో తెలుసుకునే తీరిక యాభై దగ్గరపడ్డాక దొరికింది, అమ్మాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళాక. కరోల్ గిలిగన్ అనే ఆవిడ 1982లోనే ఈ పేచీ పెట్టింది. మగవాళ్ళ ఎదుగుదలని కొలబద్ద చేసి ఆడవాళ్ళని కొలిచి తక్కువ తూగారంటారేంటని.

ఎరిక్‌సన్ గురించి అందరూ చెబుతున్నారు. ఆయన భార్య జోన్ కూడా ఆ పనిలో మొదట్నుంచీ ఉంది. ఆయన 1994లో పోయారు. ఆవిడ తొంభైల్లో ఉండి, 1997లో వచ్చిన కూర్పులో తొమ్మిదో దశ చేర్చింది. ఎనభై, తొంభై ఏళ్ళప్పుడు ఒళ్ళు మాట వినదు, సొంత కాళ్ళ మీద నమ్మకం పోతుంది, చిన్నప్పుడు తేల్చేసుకున్న పేచీలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి అంది. ముసలితనం అంటే ప్రశాంతంగా పడక్కుర్చీలో కూచోవడమని రాసినవాళ్ళు అప్పటికింకా ముసలివాళ్ళు కాలేదు మరి.

మధ్యలోవాడు బాబూ, మీ ఇంట్లో నలుగురుండగా ముగ్గురి గురించే రాశారు. మీ ఆవిడ వయసెంత? ఆవిడ నిద్రపోతోందా?


గాజువాక_మధ్యలోవాడు
సోమవారం, మధ్యాహ్నం 3:10

నలభై రెండు అప్పా. నిద్ర సరిగ్గా లేదనే చెబుతుంది. ఊరికే చిరాకు, రాత్రుళ్ళు చెమటలు అంటుంది. టెన్షన్ వల్లనుకున్నాం.


కంచరపాలెం_అప్ప
సోమవారం, మధ్యాహ్నం 3:22

టెన్షన్ కావచ్చు. నెలసరి ఆగే ముందు మొదలయ్యే మార్పు కూడా కావచ్చు. అది ఆగడానికి కొన్నేళ్ళ ముందు నుంచే నిద్ర, మనసు రెండూ తారుమారవుతాయి. దిగులు పట్టుకునే అవకాశం ఆ ఏళ్ళలో ఎక్కువ. లేడీ డాక్టరుకి చూపించండి. థైరాయిడ్ కూడా చూస్తారు. "సర్దుకో" అని మాత్రం అనకండి.


బీచ్‌రోడ్డు_బాబాయ్
సోమవారం, సాయంత్రం 5:45

ఎరిక్‌సన్, మార్సియా, షాయ్. మనవాళ్ళ పేరు ఒక్కటి లేదు. నాలుగు ఆశ్రమాల మాటకి వస్తానన్న అమ్మాయి ఇంకా రాలేదు.


ఏయూ_సైకాలజీ
సోమవారం, సాయంత్రం 6:30

వచ్చాను బాబాయ్ గారూ. ఆశ్రమాలకీ ఎరిక్‌సన్ దశలకీ పోలిక మన దేశపు సైకోఅనలిస్టు సుధీర్ కాకర్ 1978లోనే చేశాడు. ఆయన ఈ చదువులోకి రావడానికి ఎరిక్‌సన్‌తో అహ్మదాబాద్ పరిచయమే కారణం. ఎరిక్‌సన్ అక్కడికి వచ్చి, 1918 మిల్లు కార్మికుల సమ్మెని ఆధారం చేసుకుని గాంధీ గారి నడివయసు మీద పుస్తకం రాశాడు. అది 1969లో వచ్చింది, పులిట్జర్ తెచ్చుకుంది. కాబట్టి రెండు వైపులా రాకపోకలున్నాయి.

తేడా ఒకటుంది. ఆశ్రమాలు మనిషి ఎలా ఉండాలో చెబుతాయి. సైకాలజీ ఎలా ఉంటున్నాడో చూడాలని ప్రయత్నిస్తుంది. మీరన్న వానప్రస్థం ఆడవాళ్ళకి, కూలిపని చేసేవాళ్ళకి ఎప్పుడు మొదలయ్యేదో ఏ శాస్త్రం చెప్పింది? ఒక సంగతి మాత్రం ఒప్పుకుంటాను. ముసలితనానికి కూడా చేయాల్సిన పని ఒకటుందని మనవాళ్ళు చెప్పారు. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా సైకాలజీ ఎక్కువగా పిల్లల దగ్గరే ఆగిపోయింది.

నడివయసు గురించి మధ్యలోవాడు గారి ఆవిడ అడిగినదానికి కూడా చెబుతాను. "మిడ్‌లైఫ్ క్రైసిస్" అన్న మాట 1965లో ఎలియట్ జాక్స్ రాసిన వ్యాసంతో వచ్చింది. ఆయన చూసింది ఎక్కువగా గొప్ప కళాకారుల జీవితాల్ని. తర్వాత మామూలు జనాన్ని అడిగి చూస్తే, అలాంటి సంక్షోభం వచ్చిందన్నవాళ్ళు తక్కువమందే. వాళ్ళలోనూ చాలామందికి వచ్చింది వయసు వల్ల కాదు, ఉద్యోగం పోవడం, చావు, విడాకులు లాంటివాటి వల్ల. మీకు నలభై నాలుగు కావడం కాదు సమస్య. పైన ఒకరు, కింద ఒకరు, ఈఎంఐ, మీ పక్కన నిద్రలేని మనిషి. దానికి ఎర్ర బుల్లెట్ బండి కొనక్కర్లేదు.


మర్రిపాలెం_మామూలోడు
సోమవారం, సాయంత్రం 6:41

బుల్లెట్ ఆల్రెడీ కొనేశాడేమో అడగండి.


సీతమ్మధార_నర్సు
సోమవారం, రాత్రి 9:15

డ్యూటీ దిగి చూస్తున్నాను. వయసు, గుణం, జబ్బు అని మూడు అడిగారు కదా. మీరంతా మొదటి రెండూ మాట్లాడారు, మూడోది నేను చెబుతాను. మా వార్డుకి వచ్చే పెద్దవాళ్ళలో చాలామందిని "వయసైపోయింది కదా" అని ఇంట్లో ఆపేసి, ఆలస్యంగా తెస్తారు.

పేరు వెంటనే తట్టకపోవడం, కళ్ళద్దాలు ఎక్కడ పెట్టారో మరచిపోవడం, కాసేపాగి గుర్తురావడం, ఇవి వయసుతో వస్తాయి. తెలిసిన వీధిలో దారి తప్పడం, ఎప్పుడూ చేసే లెక్కలు చేయలేకపోవడం, అడిగిందే పది నిమిషాల్లో మళ్ళీ అడగడం, మనిషి తీరే మారిపోవడం, ఇవి వయసు కాదు. చూపించాలి. రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమకపడితే అది అసలు ఆగే పని కాదు. యూరిన్ ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం పడిపోవడం, కొత్త మందు, వీటిలో ఏదైనా కావచ్చు, అదే రోజు ఆస్పత్రికి తేవాలి.

మతిమరుపులా కనిపించేవాటిలో నయమయ్యేవి కొన్నున్నాయి. బీ12 తక్కువ, థైరాయిడ్, నిద్రమాత్రలు, అన్నిటికంటే ముఖ్యంగా డిప్రెషన్. పెద్దవాళ్ళు "దిగులుగా ఉంది" అని చెప్పరు. ఆకలి లేదు, ఒళ్ళు నొప్పులు, ఏదీ గుర్తుండట్లేదు అంటారు. చెవుడు కూడా చూడండి. వినపడక జవాబివ్వనివాళ్ళని మతిపోయిందనుకుంటాం. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, వచ్చే ముప్పుని పెంచే, మనం సరిచేయగల కారణాల్లో చెవుడు ఒకటని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పింది.

మధ్యలోవాడు గారూ, అమ్మగారి మాట ఎక్కడా రాయలేదు?


గాజువాక_మధ్యలోవాడు
సోమవారం, రాత్రి 9:48

అమ్మ పోయారండి. నాన్నగారు రిటైరవడానికి కొద్ది నెలల ముందు.


సీతమ్మధార_నర్సు
సోమవారం, రాత్రి 10:10

అయితే భార్య, ఉద్యోగం, ఇల్లు, మూడూ వెంటవెంటనే పోయాయి ఆయనకి. ఇది చాదస్తం అనే మాటకి లొంగేది కాదు. ముందు ఫిజీషియన్ దగ్గర రక్తపరీక్షలు, చెవి పరీక్ష చేయించండి. తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరికి. అమ్మగారి గురించి ఇంట్లో మాట్లాడుతున్నారా, లేక ఆయన బాధపడతారని అందరూ ఆ పేరే ఎత్తడం మానేశారా?


బీచ్‌రోడ్డు_బాబాయ్
సోమవారం, రాత్రి 10:25

సైకియాట్రిస్ట్ అనగానే ఆయన రానంటారు. మన తరంలో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి వైజాగ్ పంపాలి" అనేవాళ్ళు రాష్ట్రమంతా. చినవాల్తేరు ఆస్పత్రి వల్ల వచ్చిన మాట అది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళకి ఆ మాట ఇంకా బరువు. నిద్రకోసం డాక్టర్ని కలుద్దామని చెప్పి తీసుకెళ్ళు నాయనా. అబద్ధం కూడా కాదు. నేనూ పొద్దున మా బీచ్ బృందంలోకి పిలుస్తా, మాలో ముగ్గురు ప్లాంటువాళ్ళే.


సీతమ్మధార_నర్సు
సోమవారం, రాత్రి 10:40

అది మంచి దారే. ఇంట్లో ఎవరికైనా సరే, ముందు ఫోన్లో మాట్లాడాలంటే టెలీమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. పెద్దవాళ్ళ విషయాలకి ఎల్డర్‌లైన్ 14567.

పిల్లాడికి కూడా ఒక గీత గుర్తుంచుకోండి. తలుపేసుకున్నా స్నేహితులతో నవ్వుతూ, తిండి తింటూ, తనకిష్టమైనది ఏదో ఒకటి చేస్తుంటే వయసే. రెండు వారాలు దాటి నిద్ర, తిండి, ఆట, స్నేహం అన్నీ మానేస్తే, తన వస్తువులు పంచిపెడుతుంటే, చావు మాట సరదాగానైనా ఎత్తితే వయసని వదిలేయకండి. సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది నిజం కాదు.


గాజువాక_మధ్యలోవాడు
సోమవారం, రాత్రి 11:05

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మ గురించి... నిజమే, ఎత్తడం లేదు. నాన్నగారిని తీసుకెళ్ళడం, ఆవిడని చూపించడం చేస్తాను. తిండి, స్నేహితులు, క్రికెట్ మావాడికి బాగానే ఉన్నాయి. వాడితో ఎలా మాట్లాడాలో మాత్రం తెలీడం లేదు. ఎదురుగా కూచోబెడితే గోడ చూస్తాడు.


ఇంటర్_దాటినోడు
సోమవారం, రాత్రి 11:58

ఎదురుగా కూచోబెట్టొద్దు అంకుల్. మాకు అది ఎంక్వైరీలా ఉంటుంది. బండి మీద వెనక కూచోబెట్టుకుని యారాడ వైపు తీసుకెళ్ళండి. ముఖం కనపడదు కాబట్టి ఏదైనా చెప్పొచ్చు. మొదటి రెండుసార్లు ఏమీ చెప్పడు, ఊరుకోండి. మీరే మీ ఇంటర్‌లో ఏం కావాలనుకున్నారో చెప్పండి. నేనైతే మా నాన్న ఏం కావాలనుకున్నాడో ఇప్పటికీ తెలీదు. ఎంపీసీ గురించి వాడే ఎత్తేదాకా మీరు ఎత్తొద్దు.